కెనడాలో అద్దెలు పెరిగింది వలస వచ్చినవాళ్ల వల్లేనా? అయితే ఎంతవరకు?

శ్రీకాంత్_బ్రాంప్టన్:
అందరికీ నమస్కారం. ఈమధ్య ఆఫీసులో, పిల్లల స్కూల్ దగ్గర, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట. "మీరంతా వచ్చాకే ఇళ్లు దొరక్కుండా పోయాయి" అని మొహం మీదే అంటున్నారు. అనేవాళ్లు ఇక్కడ పుట్టినవాళ్లే అనుకోకండి. ఇరవై ఏళ్ల కిందట జలంధర్ నుంచో గుంటూరు నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్లూ అంటున్నారు.

కోపం పక్కన పెట్టి లెక్క చూద్దామనుకున్నాను. 2023 ఒక్క ఏడాదిలో కెనడా జనాభా 12.7 లక్షలు పెరిగింది. అందులో దాదాపు 98 శాతం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. అదే ఏడాది దేశం మొత్తం మీద కట్టడం మొదలుపెట్టిన ఇళ్లు సుమారు 2.4 లక్షలు. ఇంటికి సగటున 2.4 మంది చొప్పున వేసుకున్నా, వచ్చినవాళ్లకే 5 లక్షల పైచిలుకు ఇళ్లు కావాలి. ఇది చూశాక మనకు సంబంధం లేదని నేను అనలేను. అలాగని తప్పంతా వచ్చినవాళ్లదే అంటే మనసు ఒప్పుకోవడం లేదు. విషయం తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

వెంకట్_ఒట్టావా:
మీ లెక్కలోనే జవాబుంది కదా శ్రీకాంత్ గారూ. ఇళ్లు సగం, మనుషులు రెట్టింపు. ఇంక చర్చ ఏముంది? నేను 2008లో పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద వచ్చాను. అప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల మందికి అటూ ఇటూగా పీఆర్ ఇచ్చేవారు. స్టూడెంట్లు, వర్క్ పర్మిట్ల సంఖ్య కూడా ఇంత లేదు. 2023 చివరికి స్టడీ పర్మిట్ ఉన్నవాళ్లే 10 లక్షలు దాటారు. ఏ దేశమైనా పట్టగలిగినంత మందినే పిలవాలి. ఈ మాట అన్నంత మాత్రాన మనవాళ్లకు శత్రువునైపోను.

కిచెనర్_హర్ష:
నేను ఆ పది లక్షల్లో ఒకడిని. 2022లో వచ్చాను. మా బేస్‌మెంట్‌లో రెండు గదులు, ఒక హాలు. ఆరుగురం ఉండేవాళ్లం. హాలుకి అడ్డంగా కర్టెన్ కట్టి ఇద్దరికి ఇచ్చారు. మనిషికి 550 డాలర్లు. ఒక్కొక్కరికీ చూస్తే అది తక్కువే, కానీ ఓనర్‌కి నెలకు 3,300 వచ్చేది. అంతకుముందు ఆ వాటాలో ఒక కుటుంబం ఉండేదట. వాళ్లు కట్టింది 1,600.

నాకు ఆర్థికశాస్త్రం రాదు. కానీ అద్దె ఎలా పెరిగిందో నా కళ్ల ముందే జరిగింది. మేమెవరమూ ఎక్కువ కట్టలేదు, అందరం కలిస్తే ఎక్కువైంది. ఇద్దరు పిల్లలతో ఫ్యాక్టరీలో పని చేసుకునే కుటుంబం ఆరుగురు కుర్రాళ్లతో పోటీపడి ఆ వాటా తీసుకోలేదు. అది నాకు బాధగానే ఉంటుంది. మరి మేం ఎక్కడికి పోవాలి? ఇంత మంది పిల్లల్ని చేర్చుకున్న కాలేజీ వాళ్లు హాస్టల్ సంగతి ఆలోచించలేదు. ఇక్కడ ఇంజినీరింగ్ చేసే కెనడా పిల్లలు కట్టే ఫీజు కంటే మేం ఎన్నో రెట్లు ఎక్కువ కట్టాం.

రాజశేఖర్_టొరంటో:
హర్ష చెప్పింది అద్దె గురించి. శ్రీకాంత్ గారి ఆఫీసులో అంటున్నది ఇళ్ల ధర గురించి. రెండింటినీ కలిపేయడం వల్లే ఈ వాదన ఎటూ తేలడం లేదు.

కోవిడ్ రోజులు గుర్తు చేసుకోండి. 2020లో సరిహద్దులు మూసేశారు. ఆ ఏడాది కొత్తగా పీఆర్ వచ్చినవాళ్లు 1.84 లక్షలే, అంతకుముందు ఏడాదిలో సగం కంటే కాస్త ఎక్కువ. స్టూడెంట్లు రాలేదు. టొరంటో డౌన్‌టౌన్‌లో కండోల (విడివిడిగా అమ్మే అపార్ట్‌మెంట్ ఫ్లాట్ల) అద్దెలు పడిపోయాయి. ఓనర్లు మొదటి నెల అద్దె వద్దన్నారు, అయినా ఎవరూ రాలేదు. మరి ఇళ్ల ధరలు? 2020 జనవరిలో దేశంలో సగటు ఇంటి ధర 5 లక్షల డాలర్ల పైన ఉంటే, 2022 ఫిబ్రవరికి 8.16 లక్షలకు చేరింది. మనుషులు రాని కాలంలోనే ధర ఆకాశానికి పోయింది. ఎందుకంటే కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీని 0.25 శాతానికి దించింది, ఇక్కడున్న జనమే అప్పు తీసుకుని పెద్ద ఇళ్లు కొన్నారు.

తర్వాత దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. 2022 మార్చి నుంచి వడ్డీ పెంచుతూ పోయారు, 2023 జులైకి 5 శాతం. జనాభా చరిత్రలో లేనంతగా పెరుగుతున్న ఆ రోజుల్లోనే ఇళ్ల ధరలు పడ్డాయి. 2023 జనవరికి సగటు 6.12 లక్షలు. అద్దెలు మాత్రం ఎగబాకాయి.

అంటే కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా తగిలేది అద్దె మార్కెట్‌కి. దిగిన వారంలో ఎవరూ ఇల్లు కొనరు కదా. కొనేటప్పటి ధరను ఎక్కువగా నడిపేది వడ్డీ. మీ కొలీగ్ ఇల్లు కొనలేకపోయినందుకు మిమ్మల్ని అంటే, అది చాలావరకు తప్పు లెక్క. అద్దె కట్టలేకపోతున్నానంటే మాత్రం ఆయన మాటలో నిజముంది.

లక్ష్మి_మిస్సిసాగా:
నేను ఓనర్ వైపు నుంచి చెబుతాను. ఇల్లు 2021లో తీసుకున్నాం, వేరియబుల్ రేటు (బ్యాంకు వడ్డీతో పాటు మారే అప్పు). వడ్డీ 5 శాతానికి వెళ్లేసరికి మా నెల కట్టుబడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. బేస్‌మెంట్ అద్దె లేకపోతే ఇల్లు నిలబెట్టుకునేవాళ్లం కాదు. మా దగ్గర ఉన్నది ఒక గుజరాతీ కుటుంబం. ప్రభుత్వం అనుమతించిన 2.5 శాతమే పెంచాం. కానీ మా వీధిలోనే అదే వాటాలో ఎనిమిది మందిని పెట్టినవాళ్లున్నారు. అందులో మనవాళ్లూ ఉన్నారు. నిప్పంటుకుంటే బయటికి రావడానికి సరైన కిటికీ కూడా ఉండదు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు "అక్కా, ఆంటీ" అంటూ నమ్మి వస్తే వాళ్ల దగ్గర ఇలా సంపాదించడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

వెంకట్ గారు అన్నదానిలో ఒకటి నిజం. వంద మందికి వండి మూడొందల మందిని పిలిస్తే తప్పు భోజనానికి వచ్చినవాళ్లది కాదు. పిలుపులు రాసినవాళ్లది.

వెంకట్_ఒట్టావా:
@లక్ష్మి గారూ, నేనూ అదే అంటున్నాను. ఇమిగ్రేషన్ శాఖ అధికారులే 2022లో ప్రభుత్వాన్ని హెచ్చరించారు. జనాభా పెరుగుదలకు తగ్గట్టు ఇళ్లు రావడం లేదని రాతపూర్వకంగా చెప్పారు. ఆ కాగితాలు 2024 జనవరిలో పత్రికల్లోకి వచ్చాయి. తెలిసీ తలుపులు బార్లా తీశారు. ఆ నెలలోనే అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ స్టడీ పర్మిట్ల మీద పరిమితి పెట్టారు.

శ్రీకాంత్_బ్రాంప్టన్:
@రాజశేఖర్ గారూ, చాలా ఉపయోగపడింది. ఇంకో సందేహం. దీని మీద ఎవరైనా పరిశోధన చేశారా? "ఇంత శాతం మనుషులు వస్తే ఇంత శాతం అద్దె" అని చెప్పగలరా?

రాజశేఖర్_టొరంటో:
చేశారు. ఆల్బర్ట్ సైజ్ అనే ఆర్థికవేత్త అమెరికా నగరాలను చూసి 2007లో రాసిన పేపర్‌ను అందరూ చెప్పుకుంటారు. ఊరి జనాభాలో 1 శాతం మేర వలస వస్తే అక్కడ అద్దెలు, ధరలు కూడా సుమారు 1 శాతం పెరిగాయని తేల్చాడు. అంతకుముందు ఆయనే మయామీని పరిశీలించాడు. 1980లో క్యూబా నుంచి పడవల్లో దాదాపు 1.25 లక్షల మంది కొన్ని నెలల్లో అమెరికా చేరారు, ఎక్కువమంది మయామీలోనే ఆగిపోయారు. అక్కడి అద్దెలు మిగతా ఊళ్లతో పోలిస్తే 8 నుంచి 11 శాతం ఎక్కువ పెరిగాయి. ఎవరి అద్దెలంటే పేదవాళ్లు ఉండే చిన్న ఇళ్లవి. హర్ష బేస్‌మెంట్ కథ అప్పుడు అక్కడ జరిగిందన్నమాట.

కానీ అన్ని చోట్లా ఒకటే ఫలితం రాలేదు. ఇంగ్లండ్, వేల్స్ మీద ఫిలిపా సా 2015లో చేసిన పరిశోధనలో, జనాభాలో 1 శాతం మేర వలస వచ్చిన ప్రాంతంలో ఇళ్ల ధరలు 1.7 శాతం తగ్గాయి. కారణం, బయటివాళ్లు వచ్చిన చోటు నుంచి అక్కడి ఆదాయమున్నవాళ్లు వేరే ప్రాంతాలకు వెళ్లిపోయారు. కాబట్టి ఒక వీధిని చూసి దేశం మొత్తానికి లెక్క కట్టలేం. 1 శాతానికి 1 శాతం అనేది మామూలు రోజుల సంగతి. కెనడాలో 2023లో జనాభా 3.2 శాతం పెరిగింది, అదీ ఖాళీ ఇళ్లు లేని సమయంలో. ఆ ఏడాది అద్దె కోసమే కట్టిన అపార్ట్‌మెంట్లలో 1.5 శాతమే ఖాళీ. 1988 నుంచి రికార్డులు ఉన్నంతవరకు అదే అత్యల్పం.

సివిల్_కిరణ్:
ఇంతసేపూ వచ్చినవాళ్ల సంఖ్యే మాట్లాడుతున్నారు. కట్టనివాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను నిర్మాణ రంగంలో పని చేస్తాను, ఈ విషయం దగ్గర నాకు కడుపు మండుతుంది.

1976లో కెనడా 2.73 లక్షల ఇళ్లు మొదలుపెట్టింది. అప్పుడు జనాభా 2.3 కోట్లు. 2023లో జనాభా 4 కోట్లు, మొదలుపెట్టిన ఇళ్లు 2.4 లక్షలు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, అంత టెక్నాలజీ, అంత డబ్బు ఉండి కూడా తక్కువ కట్టాం. టొరంటోలో ఇళ్లకు కేటాయించిన స్థలంలో చాలా భాగంలో మొన్నమొన్నటి దాకా ఒక్క కుటుంబం ఉండే ఇల్లు తప్ప ఏదీ కట్టనిచ్చేవారు కాదు. సబ్‌వే స్టేషన్ నుంచి నడిచివెళ్లే దూరంలో కూడా అంతే. నాలుగు వాటాల ఇల్లు ఊరంతా కట్టుకోవచ్చని 2023 మేలో గానీ సిటీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆ పైన డెవలప్‌మెంట్ ఛార్జీలని సిటీలు వసూలు చేసేవి, పర్మిషన్ల కోసం ఏళ్ల తరబడి తిరగడం, పక్కింటివాళ్ల అభ్యంతరాలు. తమ ఇల్లు కొనుక్కుని, పక్కన మూడంతస్తులు లేవకూడదని మీటింగ్‌లకు వచ్చి అడ్డుపడేవాళ్లే, అద్దెలు పెరిగాయని వలసవాళ్లను తిడతారు.

ఇంకొకటి. సైట్‌లో నాతో పనిచేసేవాళ్లలో వడ్రంగులు, డ్రైవాల్ వేసేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు చాలామంది బయటి నుంచి వచ్చినవాళ్లే. ముందు తరంలో వచ్చిన పోర్చుగల్, ఇటలీ మేస్త్రీలు ఇప్పుడు రిటైర్ అవుతున్నారు. ఈ దేశం ఐటీ, బిజినెస్ డిప్లొమాలకు లక్షల మందిని తెచ్చుకుంది. మేస్త్రీలను ఎంతమందిని తెచ్చుకుంది? ఆ ప్రశ్న అడగాలి.

ఆస్టిన్_మాధవి:
సరిహద్దు ఇవతల, అమెరికా నుంచి ఒక మాట. ఆస్టిన్‌కి గత పదేళ్లలో జనం విపరీతంగా వచ్చారు. మన తెలుగువాళ్లు సెడార్ పార్క్, రౌండ్ రాక్ వైపు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. 2021, 2022ల్లో అద్దెలు భయంకరంగా పెరిగాయి. కానీ ఇక్కడ అపార్ట్‌మెంట్లు వరసపెట్టి కట్టారు. 2023 నుంచి అద్దెలు తగ్గుతూ వచ్చాయి. మా కాంప్లెక్స్‌లో రెన్యువల్ అప్పుడు అద్దె తగ్గించమని అడిగితే తగ్గించారు. ఊరికి జనం రావడం ఆగలేదు, అయినా తగ్గింది. ఒక ప్లాటులో మూడు వాటాలు కట్టుకోవచ్చని 2023 డిసెంబరులో సిటీ రూల్ మార్చింది. దానికంటే ముందే పర్మిషన్లు తేలిగ్గా ఉండేవి, భూమి కూడా ఉంది. కిరణ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం అని ఇక్కడ చూశాం.

కాల్గరీ_సుజాత:
మాధవి గారూ, కాల్గరీలో దీనికి ఇంకో కోణం ఉంది. మాకు అద్దెలు పెంచింది పరాయి దేశం వాళ్లు మాత్రమే కాదు. మా అల్బర్టా రాష్ట్ర ప్రభుత్వం 2022లో టొరంటో, వాంకూవర్‌లలో ప్రకటనలు వేసి మరీ ఇక్కడికి రండి, ఇళ్లు చవక అని పిలిచింది. 2023లో వేరే రాష్ట్రాల నుంచి నికరంగా 55 వేల మందికి పైగా వచ్చారు. ఇక్కడ అద్దె పెంపు మీద పరిమితి లేదు, ఏడాదికోసారి ఎంతైనా పెంచుకోవచ్చు. 2023లో మా పక్క ఫ్లాట్ వాళ్లకు ఒకేసారి 500 డాలర్లు పెంచారు. కట్టలేక ఖాళీ చేశారు. ఒంటారియో నుంచి వచ్చి రెండేసి ఇళ్లు కొన్న కెనడా పౌరులను ఎవరూ వలసవాళ్లు అనలేదు. అద్దెకు మాత్రం ఇద్దరూ ఒకటే కదా.

వెంకట్_ఒట్టావా:
కిరణ్ గారూ, మాధవి గారూ, కట్టాలి, కాదనను. కానీ ఇల్లు కట్టడానికి మూడు నాలుగేళ్లు, విమానం దిగడానికి ఒక రాత్రి. రూల్స్ అన్నీ ఇవాళే మార్చినా ఇళ్లు 2029కి వస్తాయి. అప్పటిదాకా అద్దె కట్టేదెవరు? మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం ఉంది, ఇంకా మాతోనే ఉంటున్నాడు. వాడికి ఏం చెప్పను? సంఖ్య తగ్గించాక 2024 చివరి నుంచి అద్దెలు దిగడం మనం చూశాం. ఖాళీలు 2024లో 2.2 శాతానికి పెరిగాయి. అది కూడా సాక్ష్యమే.

రాజశేఖర్_టొరంటో:
సాక్ష్యమే, ఒప్పుకుంటాను. 2024 అక్టోబరులో పీఆర్ లక్ష్యాన్ని 2025కి 5 లక్షల నుంచి 3.95 లక్షలకు, 2026కి 3.8 లక్షలకు తగ్గించారు. తాత్కాలికంగా ఉండేవాళ్లను జనాభాలో 5 శాతానికి తేవాలన్నారు. అద్దెలు మెత్తబడ్డాయి. అయితే అదే సమయంలో 2021, 2022ల్లో మొదలుపెట్టిన కండోలు పూర్తయి వేలల్లో చేతికొచ్చాయి. రెండూ కలిసి పనిచేశాయి. ఒక్కదానికే మార్కులు వేయకండి.

ఇంకో విషయం ఎవరూ గమనించడం లేదు. ఒంటారియోలో అప్పటికే ఉంటున్న కిరాయిదారుడికి ప్రభుత్వం చెప్పిన శాతానికి మించి పెంచకూడదు, 2023 నుంచి 2025 వరకు అది ఏడాదికి 2.5 శాతం. 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి జనం దిగిన ఇళ్లకు మాత్రం ఆ పరిమితి లేదు. మనిషి మారితే ఎంతైనా పెట్టుకోవచ్చు. 2023లో దేశమంతా చూస్తే, కొత్త కిరాయిదారు దిగిన రెండు గదుల అపార్ట్‌మెంట్లలో అద్దె సగటున దాదాపు 24 శాతం పెరిగింది. మొత్తం మీద సగటు పెరుగుదల 8 శాతమే. ఆ తేడా ఎవరు భరించారు? ఇంట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు. పదేళ్ల నుంచి ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు పెద్దగా తగల్లేదు. వలసవాళ్ల వల్ల అద్దె పెరిగిందన్నది నిజమే, ఆ పెరిగిన అద్దె ముందుగా తగిలింది కూడా వాళ్లలాంటి కొత్త కిరాయిదారులకే. ఈ రెండో సగం మీ ఆఫీసులో చెప్పండి శ్రీకాంత్ గారూ.

కిచెనర్_హర్ష:
@రాజశేఖర్ అన్నా, థాంక్స్. ఇది ఎవరైనా చెబితే బాగుండని ఇన్నాళ్లూ అనుకున్నాను. మేం రూమ్ కోసం వెతుకుతుంటే ఆరు నెలల అద్దె ముందే అడిగిన ఓనర్లున్నారు. క్రెడిట్ హిస్టరీ లేదు, ఇక్కడ జీతం కాగితాలు లేవు, బేరమాడే బలం మాకెక్కడిది?

కాలేజీల గురించి ఒకటి అడగాలి. అంతమందిని వాళ్లు ఎందుకు తీసుకున్నారు? అత్యాశేనా?

లక్ష్మి_మిస్సిసాగా:
నేను కాలేజీ ఆఫీసులో పని చేశాను కాబట్టి చెప్పగలను. ఒంటారియో ప్రభుత్వం 2019లో ఇక్కడి పిల్లల ఫీజు 10 శాతం తగ్గించి, ఆపైన పెంచనివ్వలేదు. ప్రభుత్వమిచ్చే నిధులు కూడా ఖర్చులకు తగ్గట్టు పెరగలేదు. ఇంక మిగిలింది మీ ఫీజే. 2020–21లో ఒంటారియో పబ్లిక్ కాలేజీలకు ట్యూషన్ ఫీజుల మీద వచ్చిన ఆదాయంలో 68 శాతం విదేశీ విద్యార్థులదేనని ఆడిటర్ జనరల్ రిపోర్టులో ఉంది. వీసాలిచ్చేది కేంద్రం, కాలేజీలు రాష్ట్రం చేతిలో, ఇళ్ల పర్మిషన్లు సిటీ చేతిలో. ముగ్గురూ ఒకరికొకరు సంబంధం లేనట్టు నడిచారు. మీ మంచం ఎక్కడ వేయాలన్నది ఏ ఒక్కరి బాధ్యతా కాకుండా పోయింది.

కండో_ప్రవీణ్:
ఓనర్లందరూ లాభపడ్డారని అనుకోవద్దు. 2021లో టొరంటోలోని ఎటోబికోక్‌లో కట్టకముందే కండో బుక్ చేశాను. 2025లో చేతికొచ్చే నాటికి బ్యాంకు వేసిన విలువ కొన్న ధర కంటే చాలా తక్కువ. తేడా నేనే తెచ్చుకోవాల్సి వచ్చింది. అద్దె వచ్చినా మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) కిస్తీలో మూడో వంతు నా జేబులోంచే వేస్తున్నాను. స్టూడెంట్లు వస్తూనే ఉంటారు, అద్దె పెరుగుతూనే ఉంటుందని సేల్స్ ఆఫీసులో చెప్పిన లెక్క మీదే నాలాంటివాళ్లు వేలమంది కొన్నారు. 2020 నాటికే ఒంటారియోలో 40 శాతానికి పైగా కండోలు పెట్టుబడి కోసం ఉంచుకున్నవే. 450 చదరపు అడుగుల గదులు కట్టారు, అందులో కుటుంబం ఉండలేదు. ఇప్పుడు కొనేవాడు లేడు, కొత్త ప్రాజెక్టులు ఆగిపోయాయి.

సివిల్_కిరణ్:
@ప్రవీణ్ గారి చివరి మాటే నాకు టెన్షన్. ఇప్పుడు ఆగిపోయిన ప్రాజెక్టులంటే 2028, 2029ల్లో ఇళ్లు ఉండవు. మనుషుల్ని తగ్గించాం, అద్దె దిగింది, సమస్య తీరిందని ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటే మళ్లీ తలుపులు తీసిన రోజు ఇదే కథ. దేశం ముసలిదవుతోంది, తలుపులు మళ్లీ తీయక తప్పదు. అద్దె తగ్గిన ఈ రోజుల్లోనే ప్రభుత్వం ముందుకొచ్చి అద్దె ఇళ్లు కట్టించాలి. మా దగ్గర పని లేక కూర్చున్న క్రూలు ఉన్నాయి.

హనుమకొండ_నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి వచ్చే సెప్టెంబరులో ఒంటారియో వస్తోంది. ఇదంతా చదివాక భయం, ధైర్యం రెండూ కలిగాయి. ఖర్చుల కింద చూపించే జీఐసీ (కెనడా బ్యాంకులో ముందే వేసే డిపాజిట్) ఇదివరకు 10 వేల డాలర్లు ఉండేదని, 2025 సెప్టెంబరు నుంచి 22,895 అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. అది సరిపోతుందా? ఒక ఇంట్లో పై అంతస్తులో గది ఉంది, వంటగది ఓనర్‌తో కలిసి వాడుకోవాలి, మూడు నెలల అద్దె అడ్వాన్స్ పంపమంటున్నారు. పంపమంటారా?

లక్ష్మి_మిస్సిసాగా:
అన్నయ్యగారూ, పంపకండి. ఒంటారియో అద్దె చట్టం ప్రకారం మొదటి నెల, చివరి నెల అద్దె తప్ప డిపాజిట్ అడగకూడదు. కానీ అదే ఇంట్లో ఉండే ఓనర్‌తోగానీ వాళ్ల కుటుంబంతోగానీ వంటగది లేదా బాత్‌రూమ్ కలిసి వాడుకునే గదికి ఆ చట్టమే వర్తించదు, కాబట్టి మీరు చెప్పిన గదికి ఆ రక్షణ కూడా ఉండదు. రేపు ఖాళీ చేయమంటే అమ్మాయికి అద్దె తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లే వీలు కూడా ఉండదు. ఓనర్ ఉండని ఇంట్లో, ప్రభుత్వ ఫారంలో రాసిన లీజుతో, మరో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి తీసుకునే గది చూడండి. జీఐసీ డబ్బు జాగ్రత్తగా వాడితే ఏడాది గడుస్తుంది, ఫీజు అందులో ఉండదు. ఏ ఊరు, ఏ కాలేజీయో నాకు మెసేజ్ చేయండి. ఎవరైనా తెలిసినవాళ్లు వెళ్లి గది చూసి ఫోటోలు తీసి పంపాకే ఒక్క డాలరైనా కట్టండి.

కిచెనర్_హర్ష:
అంకుల్, కిచెనర్, వాటర్‌లూ, కేంబ్రిడ్జ్ వైపైతే నేను వెళ్లి చూస్తాను. శని, ఆదివారాలు ఖాళీయే.